పది నెలల ఏడాది

ఆ రోజు పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. బరువుగా, మధ్యలో కిందికి సాగి, చుక్క రాలుతుందా ఆగుతుందా అన్నట్టు. తోపుడు బండి మీద మా మంచం, రెండు పెట్టెలు, మా ఆవిడ కుట్టు మిషను, నా పనిముట్ల సంచి. బండి తోసేవాడు పైకి చూసి, "కాస్త అడుగులెయ్యి మేస్త్రీ, పైన దాని మనసు మారేలా ఉంది" అన్నాడు.

సామాను లోపల పెట్టి తలుపు వేశాకే కురిసింది. గంటసేపు ఏకధాటిగా. ఎవరైనా కొత్త ఇంట్లోకి దిగితే ముందు పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకుంటారు. నేను గది మధ్యలో నిలబడి కప్పు వైపు చూశాను. ఎక్కడా చెమ్మ లేదు. దూలాలు నల్లగా, పొడిగా ఉన్నాయి. మా ఆవిడ నా వైపు చూసింది. మేము ఆ ఇంట్లో అద్దెకు దిగింది ఉండటానికి కాదు, ఆ ఇల్లు కొనాలో వద్దో తేల్చుకోవటానికి.

ముప్పై ఏళ్ళ కిందటి మాట. మొన్న మా అన్న కూతురు వచ్చింది. ఇల్లొకటి కొని అద్దెకిద్దామనుకుంటోందట. ఫోను నా ముందు పెట్టి ఏవో గీతలూ అంకెలూ చూపించింది. "చిన్నాన్నా, నువ్వెలా మొదలుపెట్టావు?" అని అడిగింది. "అద్దెకు దిగి" అన్నాను. నవ్వింది. "కొంచెం విడమరిచి చెప్పొచ్చుగా, మాటకి పన్ను వేస్తున్నారా ఏంటి?" అంది. చెప్పటం నాకు చేతకాదు. రాసి పెడతానన్నాను.

నేను వడ్రంగిని. కలప అడితిలో పని. మా ఆవిడ దర్జీ దుకాణంలో కుట్టేది. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఎనిమిది ఇళ్ళు మారాం. ఒక ఓనరు కొడుక్కి గది కావాలన్నాడు. ఒకాయనకి మిషను చప్పుడు పడలేదు. ఒకామె ఏ కారణమూ చెప్పలేదు. మొదటి ఇల్లు మారినప్పుడే నాకు అర్థమై, మేకు లేని మంచం ఒకటి చేశాను. నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, ఎనిమిది చెక్క చీలలు. చీల తడితే ఊడొస్తుంది, తడితే కూర్చుంటుంది. పావుగంటలో విప్పి బండెక్కించొచ్చు. చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. మా ఆవిడ మాత్రం మెచ్చుకోలేదు. "పోవటానికే పుట్టినట్టుంది ఇది" అనేది.

ఊళ్ళో నా వాటా చేను అన్నయ్యకే అమ్మేశాను. ఆ డబ్బు, మా ఆవిడ కూడబెట్టింది కలిపితే ఒక ఇంటికి సరిపోయేలా ఉంది. ఒక్క ఇంటికి, ఒక్కసారి. తప్పు ఇల్లు కొంటే తిరిగి వెళ్ళటానికి చేను లేదు, మళ్ళీ కూడబెట్టటానికి వయసు లేదు. అందుకే ఏడాది పాటు ఇళ్ళు చూస్తూనే ఉన్నాం కానీ ఎక్కడా నోరు విప్పలేదు.

ఈ ఇంటి సంగతి అడితి గుమస్తా చెప్పాడు. కింద రెండు వాటాలు, పైన రెండు. ఓనరు రిటైరైన టీచరమ్మ, రెండు వీధుల అవతల అక్కగారింట్లో ఉంటోంది. అక్కడే చిన్న జాగా ఒకటి చూసుకుంది, దానికోసం ఇది అమ్మేస్తోంది. "నాలుగూ నిండే ఉంటాయి మేస్త్రీ, ఏడాదికి పన్నెండు నెలలూ అద్దె గలగలలాడుతుంది" అన్నాడు గుమస్తా.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. మా ఆవిడ దారం కొరుకుతూ ఆగింది.

"ఎక్కడండీ పన్నెండు నెలలు గలగలలాడేది? మనం ఎనిమిది ఇళ్ళు ఖాళీ చేశాం. చేసినప్పుడల్లా ఒక నెల టులెట్ బోర్డు ఊగిందా లేదా? తర్వాత వాళ్ళు సున్నం వేయించి, కుళాయి బిగించుకునేసరికి ఇంకో నెల అద్దె హారతి కర్పూరం. ఆ ఎనిమిది మందికీ నష్టం పెట్టింది మనమేగా? ఏడాదంటే పది నెలలే."

అలా మా ఇంట్లో ఏడాదికి పది నెలలయ్యాయి. ఆ పది నెలల అద్దెని ఒక ఏడాది కింద లెక్కేస్తే, ఇంటి ధర అలాంటి పదేళ్ళలో తిరిగి రావాలి. ఇల్లు గట్టిదైతే పదకొండేళ్ళ దాకా సాగొచ్చు. ఆపైన వద్దు. మా దగ్గరున్నది కూడా పదకొండుకే సరిపోతుంది. టీచరమ్మ అడిగేది ఆ లెక్కన పధ్నాలుగు.

మా బాబాయి పశువుల బేరగాడు. సంతలో మాటలు తప్ప ఇంటి బేరాలు ఆయనకి తెలియవు. అయినా అడిగాను. చుట్ట నోట్లోంచి తీసి, "కట్టేసిన ఎద్దుని చూసి ఏం తెలుస్తుందిరా? పదిరోజులు నీ దగ్గర కట్టుకుని దున్నించు. తిండెంత, మొండెంత, అప్పుడు తెలుస్తుంది" అన్నాడు. ఇల్లు తెచ్చి ఎక్కడ కట్టేస్తానని నేను విసుక్కున్నాను. మా ఆవిడ మర్నాడు ఆ వీధిలోంచి వస్తూ పై వాటాకి టులెట్ బోర్డు చూసింది. అంతే.

మూడు నెలలున్నాం. ఆమె కుట్టు కొలతల పుస్తకం వెనక పేజీల్లో రోజుకింత రాసేది. బట్ట కొనేటప్పుడు తిరగేసి లోపలి వైపు చూసినట్టు చూసేది. పైకి నీళ్ళు తెల్లారగట్ల నలభై నిమిషాలే ఎక్కుతాయి. పడమటి గోడ సాయంత్రం ఏడు దాకా కాగుతూనే ఉంటుంది. కింది మోరీ వానొస్తే తన్నుకొస్తుంది, కానీ అరగంటలో తీసేస్తుంది. మెట్ల కింద గోడలో చిన్న చీలిక. పెన్సిలుతో గీత పెట్టి చూశాం, మూడు నెలల్లో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ద్వారబంధాలూ దూలాలూ నేను చూసుకున్నాను. అంత కలప ఈ రోజుల్లో కొనాలంటే ఇంటి ధర దానికే అవుతుంది. సుత్తితో తడితే కంచం మోగినట్టు మోగేది.

అయితే మేము లెక్కేసుకోనిది మనుషుల్ని.

మొదటి రోజు సాయంత్రమే పక్క వాటా ఆయన వచ్చాడు. గడియారాలు బాగుచేస్తాడు. అరవై దాటాయి, ఒక్కడే ఉంటాడు, ఇరవై రెండేళ్ళుగా అదే వాటా. గుమ్మంలో నిలబడి, కంటికి బిగించిన అద్దం నుదుటి మీదికి తోసి, "గోడ గడియారం ఉందా?" అన్నాడు.

"లేదు బాబాయ్."

"బతికించావు. ఉన్నవాళ్ళంతా నాచేత ఉత్తినే బాగుచేయించుకుంటారు."

ఆయన గదిలో గోడ కనపడదు. నలభై మేకులు, నలభై గడియారాలు. ఒకటి మూడంటే ఒకటి తొమ్మిదంటుంది. "ఇందులో సరైన టైము ఏది బాబాయ్?" అని మా ఆవిడ అడిగింది. "సరైనవి ఇంటికి తీసుకుపోతారమ్మా. ఇక్కడున్నవన్నీ జబ్బువే" అన్నాడు.

కింద ఒక వాటాలో నర్సమ్మ, ఇంకో వాటాలో బస్సు డ్రైవరు. నర్సమ్మ నన్ను అన్నయ్యా అనేది. డ్రైవరు, ఏ చుట్టరికమూ లేకపోయినా, బావగారూ అనేవాడు. సాయంత్రాలు అందరూ మెట్ల మీద కూర్చునేవాళ్ళు, ఒక్కో మెట్టు ఒక్కొక్కళ్ళది. మాకూ ఒక మెట్టు ఇచ్చారు. ఎనిమిది ఇళ్ళలో ఎక్కడా మాకు మెట్టు దొరకలేదు.

మేము దిగిన మూడో వారం అనుకుంటాను, ఒక ఆదివారం బ్రోకరు ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. మెరిసే బూట్లు, చేతిలో టేపు. నేను మెట్ల మీదే కూర్చున్నాను. మా ఇల్లు కళ్ళముందే పోయేలా ఉంది.

డ్రైవరు లేచి ఎదురెళ్ళాడు. "కొనటానికా సార్? మంచిది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఈ ముందు గది పోతుందనుకోండి, వెనకది మీకే ఉంటుంది" అన్నాడు, ఎంతో ప్రేమగా. రోడ్డు వెడల్పు చేసే మాట నేనెక్కడా వినలేదు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ వచ్చింది. అప్పటిదాకా ఆమె దగ్గగా వినలేదు. పైన గడియారాలాయన మర్యాదగా కుర్చీ వేసి, జేబులోంచి గోళీ జారవిడిచాడు. అది గది ఈ చివరి నుంచి ఆ చివరికి తనంతట తనే దొర్లుకుంటూ పోయింది. "నేల కొంచెం కుంగిందండీ. అలవాటైపోయింది" అన్నాడు.

బూట్లాయన మెట్లు దిగిన తీరు చూస్తే ఇల్లు అప్పుడే కూలుతుందా అనిపించింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. గడియారాలాయన చాప కింద రెండు అట్టముక్కలు పెట్టి గోళీకి వాలు చేశాడట.

"కొత్తవాడొస్తే ముందు చేసేది అద్దె పెంచటం, తర్వాత చేసేది మమ్మల్ని తోలెయ్యటం. ఆరుగురిని పంపించాం ఇప్పటికి" అన్నాడు గడియారాలాయన, నా భుజం మీద చెయ్యి వేసి. "ఏడోవాడికి నీ సాయం కావాలి మేస్త్రీ. వచ్చే ఆదివారం వచ్చేవాడు వెంట మేస్త్రీని తెచ్చుకుంటాడట. గోళీలకి లొంగడు. దూలం కింద పురుగు తొలిచిన పొడి రాలినట్టు చెయ్యగలవా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె చీర అంచు సర్దుకుంటోంది.

ఇక్కడ నిజం రాయాలి. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఏడోవాడు పోతే ఇల్లు మాకుంటుందని ఒప్పుకున్నాను, అది ఒకటి. రెండోది, ఆ పని నాకు తప్ప ఇంకెవరికీ చేతకాదని ఒప్పుకున్నాను. రంపపు పొట్టు వేస్తే చూడగానే తెలిసిపోతుంది. పురుగు పొడి పిండిలా ఉండాలి, పాత చెక్క రంగు ఉండాలి, చిన్న చిన్న కుప్పలుగా రాలాలి. అడితిలో పుచ్చిన వాసం ముక్క తీసుకుని, అరిగిన ఆకురాయితో రెండు సాయంత్రాలు రుద్దాను. సన్న గుడ్డలో జల్లించాను. ఆదివారం పొద్దున్నే దూలాల కింద అక్కడక్కడ, పురుగు ఎక్కడ తొలుస్తుందో అక్కడే, చిటికెలతో వేశాను. వెనక్కి జరిగి చూసుకున్నాను. ద్వారబంధం మీద చెక్కిన ఏ పువ్వూ నాకు అంత బాగా కుదరలేదు.

ఆ మేస్త్రీ వేలితో పొడి తీసుకుని వాసన చూశాడు. దూలం వైపు ఒక్కసారి చూశాడు. తట్టి కూడా చూడలేదు. "లోపలంతా తినేసింది సార్" అన్నాడు.

గడియారాలాయన ఆ సాయంత్రం నాకు పై మెట్టు ఇచ్చాడు.

ఆ మాట ఊరంతా పాకింది. తర్వాత ఎవరూ చూడటానికి కూడా రాలేదు. నెల తిరిగేసరికి గుమస్తా చెప్పాడు, టీచరమ్మ ధర మా లెక్కన తొమ్మిదేళ్ళ అద్దెకి దించిందని. ఇంకా దిగేలా ఉందట. నేను ఇంటికొచ్చి చెప్పాను. పండగ చేసుకోవాల్సిన మాట. మా ఆవిడ పుస్తకం తెరిచి, తొమ్మిది అని రాసి, కింద గీత గీసింది.

"రెండేళ్ళ అద్దె మిగిలిందండీ" అంది.

"ఊఁ."

"ఆవిడ అక్కగారి పక్కన జాగా కొనుక్కోవాలంటే ఎంత కావాలో?"

నాకు తెలియదన్నాను. ఆమె మిషను దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు నుంచి మెట్ల మీద కూర్చుంటే నాకు ఎవరి మాటా సరిగ్గా వినపడేది కాదు.

మేము టీచరమ్మ దగ్గరికి వెళ్ళకముందే ఆవిడే వచ్చింది. పొద్దున పదింటికి, చేతికర్ర మెట్టుమెట్టుకీ ఆనించుకుంటూ, ఆగి ఆగి ఎక్కింది. గడియారాలాయన కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చుని, ఊపిరి తీసుకుని, నావైపు తిరిగింది.

"నువ్వు వడ్రంగివట కదా నాయనా?"

"అవునమ్మా."

"మా నాన్న దగ్గరుండి వేయించిన కలప ఇది. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ దూలం ఎత్తిన రోజు పనివాళ్ళకి మంచినీళ్ళు అందించింది నేనే. ఇప్పుడందరూ పుచ్చిపోయిందంటున్నారు. బ్రోకరు మాట నేను నమ్మను, కొనేవాళ్ళ మాట అసలు నమ్మను. నువ్వు కొనేవాడివి కావు, అమ్మేవాడివి కావు. ఒక్కసారి చూసి చెప్పు. ఇంకెన్నాళ్ళు ఆగుతుంది?"

గడియారాలాయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని, నావైపే చూస్తూ. కళ్ళలో నవ్వు దాచుకుంటున్నాడు. మిషను చప్పుడు ఆగింది.

నేను సంచిలోంచి సుత్తి తీశాను. మంచం ఎక్కి దూలాన్ని ఈ చివర తట్టాను, మధ్యలో తట్టాను, ఆ చివర తట్టాను. మూడు చోట్లా ఒకేలా మోగింది. పెద్దగా మోగింది. ఆ మోత ఆగాక కూడా నేను కాసేపు పైనే నిలబడ్డాను. కిందికి దిగితే మాట్లాడాలి కదా.

"విన్నారుగా అమ్మా. మనందరం పోయాక కూడా ఉంటుంది" అన్నాను.

"మరి ఆ పొడి?"

"పొడి నాది. ఆకురాయితో చేశాను."

గడియారాలాయన చేతులు విప్పుకున్నాడు. ఆయన మొహం నేను చూడలేదు. చూడకుండానే మిగతాది కూడా అనేశాను. "నేను కొనేవాణ్ణి కాననుకున్నారు మీరు. ఈ ఇల్లు కొందామనే అద్దెకు దిగాం."

టీచరమ్మ చేతికర్ర నేలమీద ఒకసారి తిప్పింది. బడిలో ఎంతమందిని చూసి ఉంటుందో ఆవిడ. తిట్టలేదు. "ఎంతకి?" అంది.

మా ఆవిడ పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. "పదకొండేళ్ళ అద్దె అమ్మా. మా ఏడాదికి పది నెలలు. అంతా అందులో రాసుంది."

"పది నెలలేమిటి?"

చెప్పింది. టీచరమ్మ అద్దాలు పెట్టుకుని మొదటి నుంచీ చదివింది, పరీక్ష పేపరు దిద్దినట్టే. నీళ్ళు, మోరీ, పడమటి గోడ, చీలిక. ఒక చోట కొమ్ము తప్పు రాస్తే దానికింద గోటితో గీత పెట్టింది. చివరికి వచ్చి ఆగింది.

"నాలుగు వాటాల అద్దె వేశారు. మీరు ఉండబోయేది ఎక్కడ?"

"ఇక్కడే."

"మరి ఈ వాటాకి అద్దె ఎవరిస్తారు?"

నేను వేళ్ళు మడిచాను. మూడు నెలలు నీళ్ళు నిమిషాలతో సహా లెక్కేసినవాళ్ళం, వెంట్రుకవాసి చీలిక కొలిచినవాళ్ళం, మమ్మల్ని మేము మర్చిపోయాం. పదమూడేళ్ళు అద్దె కడుతూ బతికినవాళ్ళకి, అద్దె కట్టని వాటా ఒకటుంటుందని తట్టలేదు. మూడు వాటాలతో లెక్కేస్తే మా పదకొండేళ్ళు దాదాపు పదిహేనేళ్ళవుతాయి.

"సున్నా మార్కులు" అంది టీచరమ్మ. అప్పుడు మొదటిసారి నవ్వింది. "ఇప్పుడేం చేస్తారు?"

మా ఆవిడ "కడతాం" అంది.

"ఎవరికి?"

"మాకే. ఒకటో తారీకు వచ్చేసరికి అందరితో పాటు మేమూ తీసి పక్కన పెడతాం. ఇంటి మరమ్మతు ఖర్చులకి అందులోంచే. అద్దెకున్నాననుకుంటే కట్టనా? అలాగే."

టీచరమ్మ పుస్తకం మూసింది. తనకి పన్నెండు కావాలంది. మా దగ్గర పదకొండుకి మించి లేదంది మా ఆవిడ. ఇద్దరూ నావైపు చూశారు, నేనేదో కక్కుతానన్నట్టు. "ఈ రెండు నెలల్లో ఈ మెట్ల మీద నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే. అది కూడా అబద్ధం చెప్పాకే చెప్పావనుకో. పదకొండున్నర. ఆ అర డబ్బుగా వద్దు. నా కొత్త ఇంటికి రెండు తలుపులు, మూడు కిటికీలు చేసిపెట్టు. పొడి రాలకుండా" అంది టీచరమ్మ.

ఇల్లు మాదైంది. రిజిస్ట్రేషన్ అయిన రోజు సాయంత్రం మెట్ల దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు బావగారూ అనలేదు. నర్సమ్మ మాత్రం ముఖం మీదే అంది: "మాతో కూర్చుని నవ్వావు కదన్నయ్యా." గడియారాలాయన లేచి దారి ఇచ్చాడు. "రండి ఓనరుగారూ" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఎవర్నీ అలా పిలవలేదట. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

తర్వాత మూడు వారాలు ఆ తలుపు నా ముందు తెరుచుకోలేదు. నేను మెట్లెక్కుతుంటే లోపల చప్పుడు ఆగిపోయేది. ఒకరోజు ఆయన గిన్నెలు గోనెసంచిలో కట్టటం కిటికీలోంచి మా ఆవిడ చూసింది. గోడమీద గడియారాలు సగం దిగిపోయాయి. "ఇల్లు వెతుక్కుంటున్నాడండీ. ఆ వయసులో" అంది. అద్దె పెంచబోమని చెప్పొచ్చు. మా లెక్క మొత్తం అప్పటి అద్దెలతోనే కట్టాం. అయితే ఆ మాట నేనంటే ఆయనెందుకు నమ్మాలి? పొడి నా చేత్తో చేసిందే, మోసం నా నోటితో ఒప్పుకున్నదే.

ఒకటో తారీకు వచ్చింది. నర్సమ్మ, డ్రైవరు మాట్లాడకుండా ఇచ్చి వెళ్ళారు. ఆయన అద్దె మా కిటికీ గూట్లో ఉంది, పైన బరువుకి ఒక గడియారపు అద్దం.

మా ఆవిడ మా అద్దె కూడా తీసి, అది మాత్రం తాళం ఉన్న రేకు డబ్బాలో వేసింది. తాళం వేసి నా చేతికిచ్చింది. "ఇది మన దగ్గరుంటే మనదే అయిపోతుందండీ. అవసరమొచ్చిన రోజు మనమే తీసుకుంటాం. మనం కట్టామో లేదో చూసే మనిషి ఉండాలి" అంది. ఎవరనేది చెప్పలేదు. చెప్పనవసరం లేదు.

ఆ డబ్బా ఇప్పటికీ ఉంది. ముప్పై ఏళ్ళలో మోరీ మార్పించింది, మెట్లు కట్టించింది, రెండుసార్లు పై కప్పు మీద తారు వేయించింది. గడియారాలాయన వాటాలో ఇప్పుడెవరో కుర్రజంట ఉంటున్నారు. గోడకి నలభై మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. సున్నం వేసేవాడు ప్రతిసారీ పూడ్చమంటారా అని అడుగుతాడు. నేను తల అడ్డంగా ఊపుతాను.

అమ్మాయీ, నువ్వడిగిన దానికి జవాబు ఇంతే. కొనేముందు అద్దెకుండు. ఏడాదికి పది నెలలు లెక్కెయ్యి. నువ్వుండే వాటాకి నువ్వూ కట్టు. నీ ఫోనులో గీతలు ఇంతకంటే ఎక్కువ చెబుతాయేమో నాకు తెలియదు. మిగతాది ఆ ఒకటో తారీకు మధ్యాహ్నం సంగతి.

డబ్బా పట్టుకుని తలుపు తట్టాను. చాలాసేపటికి తీశాడు. కంటి అద్దం నుదుటి మీద ఉంది. లోపల గోనెసంచులు, సగం ఖాళీ గోడ. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది.

"అద్దె ఇచ్చాను కదా ఓనరుగారూ" అన్నాడు.

"ఇది మా అద్దె బాబాయ్."

ఆయనకి అర్థం కాలేదు. డబ్బా బల్ల మీద పెట్టాను. పక్కనే తాళంచెవి పెట్టాను. "నెలనెలా మేమూ కడతాం. మీ దగ్గరుంచండి. కట్టకపోతే అడగండి. ఇంట్లో ఏదన్నా పాడైతే మీరే తీసి ఖర్చు పెట్టండి" అన్నాను. నేను అంత పొడుగ్గా మాట్లాడటం ఆయన ఎప్పుడూ విని ఉండడు. నేనూ వినలేదు.

ఆయన డబ్బా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, గడియారం ఊపినట్టు. కంటి అద్దం దించి తాళం చూశాడు.

"తాళం చవక రకం" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని, "మారుస్తాలే" అన్నాడు.

అప్పుడు మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో కూర గిన్నె. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. గోనెసంచి ముడి విప్పి, లోపలికి చెయ్యి పెట్టి వెతికి, రెండు కంచాలు బయటికి తీశాడు. మూడోదాని కోసం ఇంకా లోతుగా వెతకాల్సి వచ్చింది. నేను సంచి పట్టుకున్నాను.

చాప పరిచాడు. చాప కింద అట్టముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని తీసి మూలకి విసిరి కూర్చున్నాడు. మా ఆవిడ వడ్డించింది. గోడ మీద మిగిలిన గడియారాలు ఒకటి నాలుగంటోంది, ఒకటి పదకొండంటోంది. ముగ్గురం తలలు వంచుకుని తిన్నాం.